రొయ్యల పెట్టెలో మందార వేళ్లు: కొమ్మలకు గాలిలో వేళ్లు పుట్టించే తుంపర పెట్టెను ఇంట్లో తయారు చేసుకునే పద్ధతి

ఈ పెట్టెను తయారు చేయడానికి ఒక పూట చాలు. అయితే కావలి, కందుకూరు, ఒంగోలు వంటి ఊళ్లలో వేసవి పొడుగునా దానిలోని నీటిని వేడెక్కకుండా కాపాడుకోవడమే అసలు పని కాబట్టి, ఇక్కడ పైపుల గురించి, మోటార్ల గురించి చెప్పేదానికన్నా నీటి గురించి చెప్పేదే ఎక్కువగా ఉంటుంది. నేను మొదటిసారి కట్టిన పెట్టెలో ఇరవై మందార కొమ్మలు పెట్టాను. అది మే నెల. మోటారు ఆగకుండా తిరిగింది, తుంపర బాగానే పడింది, ఆకులు మూడు రోజుల పాటు పచ్చగానే కనిపించాయి. ఐదో రోజున మూత ఎత్తి చూస్తే కొమ్మల అడుగుభాగాలు నల్లబడి, వేలితో నొక్కితే తోలు ఊడివచ్చే స్థితికి చేరాయి. అప్పుడు థర్మామీటరు ముంచి చూస్తే నీరు 36 డిగ్రీలు ఉంది. వేళ్లు పుట్టించడానికి పూసిన హార్మోనులో లోపం లేదు, కొమ్మలలో లోపం లేదు. వెచ్చటి నీటిని రాత్రింబవళ్లు చల్లి వాటిని నేనే కుళ్లబెట్టాను.

తల్లిచెట్టు నుంచి కోసిన కొమ్మకు వేళ్లు వచ్చేలోగా రెండు అవసరాలు తీరాలి. అడుగుభాగం ఎండిపోకూడదు, అదే సమయంలో దానికి ప్రాణవాయువు అందాలి. సీసాలో నిలవ ఉన్న నీటిలో కొమ్మను ఉంచితే మొదటిది తీరుతుంది కానీ రెండవది తగ్గిపోతుంది. మట్టిలో గుచ్చితే రెండూ మట్టి గుల్లదనం మీద ఆధారపడి ఉంటాయి, పైగా లోపల ఏం జరుగుతోందో చూడటానికి వీలుండదు. కొమ్మ అడుగును మూసిన పెట్టెలో గాలిలోనే వేలాడదీసి, దాని మీద నీటి తుంపర పడేలా చేస్తే, గాలిలో ఎగిరే ప్రతి చుక్కా ప్రాణవాయువును పట్టుకుని కొమ్మను తాకుతుంది. ఈ పద్ధతికి ఏరోపోనిక్స్ అన్న పేరు 1957లో ఫ్రిట్స్ వెంట్ అనే వృక్షశాస్త్రవేత్త పెట్టినది. కొమ్మలకు వేళ్లు పుట్టించడం కోసమే తయారైన యంత్రం అమెరికాలో 1983లో అమ్మకానికి వచ్చింది. ఆ తరహా యంత్రాలలో అధిక పీడనంతో నీటిని మంచులాగా చిమ్ముతారు. మనం చేసుకోబోయేది తక్కువ పీడనంతో పనిచేసే తుంపర పెట్టె మాత్రమే. కొమ్మలకు వేళ్లు పుట్టించడానికి అది సరిపోతుంది; దానిలో పంటలు పండించాలన్న ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు.

రొయ్యల చెరువులు ఉన్నవారికి నీటి వేడి సంగతి నేను వివరించనక్కరలేదు. డీఓ, అంటే నీటిలో కరిగిన ప్రాణవాయువు, పడిపోతుందని తెల్లవారుజామున నీటికి గాలి పట్టించే ఏరేటర్లు ఎందుకు తిప్పుతారో, వేడి నీటిలో ఆ ఇబ్బంది ఎందుకు పెరుగుతుందో వారికి తెలుసు. 20 డిగ్రీల మంచినీటిలో లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది. 30 డిగ్రీలకు అది ఏడున్నర మిల్లీగ్రాములకు, 35 డిగ్రీలకు సుమారు 7 మిల్లీగ్రాములకు దిగుతుంది. ఆ తగ్గుదల చూడటానికి చిన్నదే. కానీ వేడి పెరిగినకొద్దీ కొమ్మకు కావలసిన ప్రాణవాయువు పెరుగుతుంది, నీటిలోని సూక్ష్మజీవులు కూడా వేగంగా పెరిగి తమ వాటా తాము తీసుకుంటాయి. వేరుకుళ్లు తెచ్చే పిథియం వంటివి అలాంటి నీటి కోసమే కాచుకుని ఉంటాయి. కాబట్టి మీ లక్ష్యం 22 నుంచి 26 డిగ్రీలు. 28 వరకు ఓర్చుకోవచ్చు. 30 దాటితే కొమ్మలు పెట్టకుండా ఊరుకోవడమే మేలు.

ఏ మొక్కలకు ఈ శ్రమ దండగ

పెట్టె కట్టానని తెలిసిన వెంటనే నన్ను అడిగినవారిలో సగం మంది ఉలవపాడు మామిడి కొమ్మ పెడితే వేళ్లు వస్తాయా అనే అడిగారు. రావు. మామిడికి అంటు కట్టవలసిందే. సపోటా సంగతి కూడా అంతే. కొబ్బరికి, తాటికి, అరటికి కొమ్మ నాటడం అన్న మాటే వర్తించదు. మునగకు, చామంతికి ఈ పెట్టె అక్కరలేదు. మునగ కొమ్మను చేను గట్టున పాతితే చాలు, చామంతి పిలకలను విడదీసి నాటుకుంటే చాలు. పొదలకూరు వైపు నిమ్మ తోటల రైతులు విత్తనపు మొక్కలనో, అంట్లనో ఎంచుకోవడానికి వేరు బలం, తెగుళ్లు వంటి కారణాలు ఉన్నాయి కనుక, నిమ్మ కొమ్మకు ఈ పెట్టెలో ఓపికగా వేళ్లు తెప్పించగలిగినా దానిని తోటకు వాడమని నేను చెప్పను.

పెట్టె నిజంగా ఉపయోగపడేది మందార, మల్లె, నందివర్ధనం, కనకాంబరం, తులసి, పుదీనా, క్రోటన్, దానిమ్మ, అంజూర, కాగితపు పూల తీగ వంటి వాటికి. ఒకే తల్లిమొక్క నుంచి ఒకే రకపు మొక్కలు పదీ ఇరవై కావాలనుకున్నప్పుడు దాని విలువ తెలుస్తుంది. మన జిల్లాలలో నాటే జామాయిల్, సరుగుడు క్లోన్ మొక్కలు కూడా కొమ్మల నుంచి వచ్చినవే. వాటిని నర్సరీలలో పొగమంచు గదులలో వేలకొద్దీ పెంచుతారు. మన పెట్టె ఆ గదికి పేద చుట్టం. మొదటి ప్రయత్నం పుదీనాతోనో తులసితోనో చేయండి. అవి వారం పది రోజులలోనే వేళ్లు చూపిస్తాయి కాబట్టి లోపం పెట్టెలో ఉందో, కొమ్మలో ఉందో త్వరగా తేలుతుంది.

సామాను

రొయ్యలు, చేపలు ప్యాక్ చేసే థర్మాకోల్ పెట్టె ఒకటి, అందులో సరిగ్గా ఇమిడే 25 లీటర్ల మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకోండి. తీరంలో ఉన్న మనకు ఈ పెట్టెలు సులభంగా దొరుకుతాయి, ఐసును రెండు రోజులు నిలబెట్టగల ఆ గోడలే మన నీటిని కూడా కాపాడతాయి. వాడిన పెట్టె తెచ్చుకుంటే సబ్బుతో కడిగి, రెండు మూడు సార్లు మంచినీటితో జాడించి ఎండబెట్టండి. డబ్బా లేకుండా థర్మాకోల్ పెట్టెలోనే నేరుగా నీరు పోసే ఆలోచన చేయవద్దు. కొన్నాళ్లకు గింజల మధ్య నుంచి నీరు ఊరుతుంది, ఉప్పు వాసన కూడా పూర్తిగా వదలదు. డబ్బా గోడల గుండా వెలుతురు దూరకూడదు. వెలుతురు తగిలితే పాచి పడుతుంది. పారదర్శకంగా ఉన్న డబ్బానే దొరికితే బయటివైపు నల్ల రంగు, దాని మీద తెల్ల రంగు వేయండి.

మోటారుగా ఎయిర్ కూలర్‌లో వాడే 18 వాట్ల చిన్న నీటి మోటారు చాలు. అర అంగుళం పీవీసీ పైపు రెండు మీటర్లు, నాలుగు మూల బెండ్లు, మూడు దారులు కలిపే టీ జాయింటు ఒకటి, మోటారును పైపుకు కలిపే చిన్న గొట్టం ముక్క, ఒకటిన్నర మిల్లీమీటర్ల డ్రిల్ బిట్, తలుపు సందులకు అంటించే స్పాంజి టేపు, కొమ్మలను పట్టుకోవడానికి నీరు పీల్చని రకం రబ్బరు షీటు కావాలి. వ్యాయామానికి పరిచే పాత చాప దీనికి బాగా పనికివస్తుంది. పరుపుల స్పాంజి మాత్రం వద్దు, అది నీరు పీల్చి కొమ్మ మెడ దగ్గరే బూజు పట్టిస్తుంది. వీటితో పాటు నీటిలో ముంచే థర్మామీటరు, నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు, నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చూపే పీహెచ్ కిట్టు తప్పకుండా కొనండి. ఆక్వా మందుల దుకాణాలలో ఇవన్నీ దొరుకుతాయి. నాకు మీటర్లు కాకుండా మొత్తం ఖర్చు పదిహేను వందల రూపాయలు దాటలేదు.

డ్రిప్ సామాను అమ్మే చోట మీకు ఫాగర్లు చూపించి, ఇవి బిగిస్తే మంచులాగా చిమ్ముతాయని చెప్పవచ్చు. ఆ మాట నిజమే కానీ, ఆ ఫాగర్లకు చదరపు సెంటీమీటరుకు మూడు నాలుగు కిలోల పీడనం కావాలి. కూలర్ మోటారు నీటిని రెండు మీటర్ల ఎత్తుకు కూడా సరిగా ఎక్కించలేదు, అంటే దాని పీడనం కిలోలో అయిదో వంతు కూడా ఉండదు. ఆ మోటారుకు ఫాగరు బిగిస్తే చుక్కలు కారడం తప్ప తుంపర రాదు. ఫాగర్లే కావాలనుకుంటే పొలానికి మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్‌లోని 12 వోల్టుల పంపును వాడాలి. అది రెండో పెట్టెకు ఆలోచించుకోండి.

కట్టడం

ముందుగా డబ్బా లోపలి కొలతకన్నా అన్ని వైపులా రెండు అంగుళాలు తక్కువగా ఉండేలా పైపును నాలుగు ముక్కలు కోసి, బెండ్లతో దీర్ఘచతురస్రంగా కలపండి. ఒక పొడవు పక్కన మధ్యలో టీ పెట్టి, దాని కాలును కిందికి తిప్పి మోటారుకు గొట్టంతో కలపండి. జిగురు పూయవద్దు, బిగుతుగా కూర్చుంటే చాలు, ఉప్పు పట్టినప్పుడు విప్పి కడుక్కోవచ్చు. పైపు పైభాగాన సమానమైన ఎడంతో, లోపలి వైపుకు కొద్దిగా వాలుగా, మొత్తం ఇరవై నుంచి ఇరవై నాలుగు రంధ్రాలు చేయండి. ఈ రంధ్రాల నుంచి లేచే సన్నని ధారలు మూత అడుగును కొట్టుకుని చెదిరి, చుక్కలుగా మారి కొమ్మల మీద పడతాయి. తుంపరను తయారు చేసేది నాజిల్ కాదు, మూతే. రంధ్రాలు పెద్దవైతే ధారలు నీరసంగా లేస్తాయి. మరీ సన్నవైతే వారానికే మూసుకుపోతాయి. మోటారు నోటికి దోమతెర ముక్కను రెండు మడతలుగా కట్టండి. తెగిపడిన ఆకుముక్కలు పైపులోకి వెళ్లకుండా అది ఆపుతుంది.

మూత మీద మూడేసి అంగుళాల ఎడంతో, ఒకటిన్నర అంగుళం వెడల్పున పన్నెండు నుంచి ఇరవై రంధ్రాలు గీసుకోండి. వడ్రంగుల దగ్గర ఉండే హోల్ సా బిట్‌తో ఇవి శుభ్రంగా వస్తాయి. కాల్చిన ఇనుప గొట్టంతో కూడా చేయవచ్చు కానీ అంచులు గరుకుగా మిగులుతాయి, పొగ పీల్చవద్దు. రబ్బరు షీటును రంధ్రంకన్నా కొంచెం పెద్ద బిళ్లలుగా కోసి, ప్రతి బిళ్లకూ అంచు నుంచి మధ్య వరకు ఒకే ఒక గాటు పెట్టండి. కొమ్మ ఆ గాటులో నుంచి జారి మధ్యలో నిలుస్తుంది. మూత అంచు చుట్టూ స్పాంజి టేపు అంటించండి. ఈ ఒక్క పని మరచిపోతే తెల్లారేసరికి సగం నీరు నేల మీద ఉంటుంది.

ఇప్పుడు డబ్బాను థర్మాకోల్ పెట్టెలో కూర్చోబెట్టి, ఎనిమిది లేదా పది లీటర్ల నీరు పోసి చూడండి. మోటారు పూర్తిగా మునగాలి, పైపు నీటి మట్టానికి మూడు నాలుగు అంగుళాలు పైన ఉండాలి, కొమ్మల కొనలు మూత అడుగు నుంచి రెండు అంగుళాలు మాత్రమే కిందికి దిగాలి. ఎత్తు చాలకపోతే పైపు కింద ఇటుక ముక్కలు పెట్టకండి, అవి నీటి పీహెచ్‌ను మార్చవచ్చు. పీవీసీ ముక్కలనే కాళ్లుగా వాడండి. రంధ్రాలన్నింటిలో బిళ్లలు ఉంచి పావుగంట నడిపి, మూత తీసి లోపలి గోడలను తాకి చూడండి. ఏ మూలైనా పొడిగా ఉంటే ఆ వైపుకు ఇంకో రంధ్రం చేయండి.

విద్యుత్తు విషయంలో ఒక్క అజాగ్రత్త కూడా పనికిరాదు. కూలర్ మోటార్ల వల్ల ప్రతి వేసవిలోనూ మన దగ్గర షాక్ ప్రమాదాలు వింటూనే ఉంటాము. ప్లగ్గును నీటి మట్టంకన్నా ఎత్తులో ఉంచండి, తీగను బోర్డు చేరేలోగా ఒకసారి కిందికి వేలాడనిచ్చి పైకి తీసుకోండి, అలా చేస్తే తీగ వెంట జారిన నీరు బోర్డు దాకా పోకుండా మధ్యలోనే రాలిపోతుంది. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు ఉన్న లైనుకే కలపండి. మోటారు ఆపి, ప్లగ్గు తీసిన తరువాతే నీటిలో చేయి పెట్టండి.

నీరు: ఏది పోయాలి, ఎలా చల్లగా ఉంచాలి

ప్రకాశం జిల్లా మెట్ట ప్రాంతాలలో చాలా బోర్ల నీరు ఉప్పగా ఉంటుంది. తీరగ్రామాలలో కూడా ఇదే కథ. అలాంటి నీటిని పైపులో తిప్పితే ఒకటిన్నర మిల్లీమీటర్ల రంధ్రాలు తెల్లటి పొలుసుతో మూసుకుపోవడమే కాక, వేరు లేని కొమ్మ ఆ ఉప్పును భరించలేక ఆకు అంచులను మాడ్చుకుంటుంది. మీ నీటి టీడీఎస్ 200 లోపు ఉంటే నేరుగా వాడండి. 500 దాటితే వద్దు. వాననీరు దొరికితే అదే అన్నింటికన్నా మంచిది, లేకపోతే ఆర్ఓ ప్లాంటులో దొరికే 20 లీటర్ల క్యాన్ ఒకటి తెచ్చుకోండి; వారానికి సగం క్యాన్ చాలు. పంచాయతీ కుళాయి నీటిలో క్లోరిన్ వాసన ఉంటే వెడల్పాటి గిన్నెలో ఒక రోజు ఉంచి వాడండి. పీహెచ్ 5.5 నుంచి 6.2 మధ్య ఉండాలి. నిమ్మరసంతో దించవచ్చు కానీ అది రెండు రోజులకే మళ్లీ పెరుగుతుంది, సూక్ష్మజీవులకు ఆహారం కూడా అవుతుంది. పలుచన చేసిన ఫాస్ఫారిక్ ఆమ్లం చుక్కలు నమ్మకమైనవి. చేతికి తొడుగులు వేసుకుని, ఆమ్లాన్నే నీటిలో కలపాలి కానీ నీటిని ఆమ్లంలో పోయకూడదు. మొదట్లో ఎరువు ఏదీ కలపవద్దు. వేళ్లు లేని కొమ్మకు ఎరువుతో పని లేదు, అది పాచికి మాత్రమే ఉపయోగపడుతుంది.

నీరు వేడెక్కడానికి గాలి వేడి ఒక్కటే కారణం కాదు. నీటిలో మునిగిన మోటారు తాను వాడే విద్యుత్తునంతా చివరికి ఆ పది లీటర్ల నీటికే వేడిగా అప్పగిస్తుంది. ఇరవై నాలుగు గంటలూ తిప్పితే గది వేడికన్నా నీటి వేడి మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువగా నిలవడం నేను చూశాను. థర్మాకోల్ ఆ వేడిని బయటికి పోనివ్వదు కాబట్టి, మోటారును ఆగకుండా నడిపేవారికి ఈ పెట్టె మేలుకన్నా కీడే చేస్తుంది. అందువల్ల టైమరు తప్పనిసరి. పావుగంట గుర్తులు ఉన్న మామూలు ప్లగ్ టైమరుతో పావుగంట నడక, పావుగంట విరామం పెట్టుకోవచ్చు. నిమిషాలను అమర్చగల డిజిటల్ టైమరు దొరికితే ఒక నిమిషం నడక, నాలుగు నిమిషాల విరామం ఇంకా మంచిది; మోటారు పని అయిదో వంతుకు తగ్గుతుంది, కొమ్మలు మాత్రం తడిగానే ఉంటాయి. మూసిన పెట్టెలో తేమ నిండి ఉంటుంది కాబట్టి ఆ నాలుగు నిమిషాలలో ఏమీ ఎండిపోదు.

ఆ తరువాత చోటు. పడమటి గోడ పక్కన, మేడ మీద, రేకుల కింద పెట్టవద్దు. ఉత్తరపు వరండాలో నేల మీద, వీలుంటే తడి ఇసుకలో సగం వరకు దిగేసి పెట్టండి. మే నెలలో అర లీటరు నీళ్ల సీసాలను ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, ఉదయం పదకొండుకు ఒకటి, మధ్యాహ్నం మూడుకు ఒకటి మూతతో సహా డబ్బాలో వేయండి. ఒక్కో సీసా పది లీటర్ల నీటిని నాలుగైదు డిగ్రీలు దించుతుంది, థర్మాకోల్ ఆ చల్లదనాన్ని కొన్ని గంటలు నిలబెడుతుంది. కనిగిరి, పొదిలి వంటి పొడిగాలి ఊళ్లలో పెట్టె చుట్టూ తడి గోనె కప్పినా లాభం ఉంటుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న మా కావలి గాలిలో తేమ ఎక్కువ కనుక గోనె పెద్దగా పనిచేయలేదు. నిజం చెప్పాలంటే రోహిణి కార్తెలో ఈ పాట్లన్నీ పడటంకన్నా పెట్టెను కడిగి అటకెక్కించడం మంచిది. ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యే అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు నీరు దానంతట అదే చల్లగా ఉంటుంది. ఆ అయిదు నెలలే ఈ పనికి మన కాలం.

కరెంటు పోతే ఏమిటన్నది మిగిలింది. నీడలో, మూసిన పెట్టెలో గంటసేపు తుంపర లేకపోయినా కొమ్మలకు ఏమీ కాదు. అంతకన్నా ఎక్కువ కోత ఉంటుందనుకుంటే, కొమ్మల కొనలు అర అంగుళం మునిగేంత వరకు నీరు పోసి ఉంచి, కరెంటు వచ్చాక మగ్గుతో తీసేయండి. ఇందుకోసం ఒక క్యాన్ నీరు పక్కనే ఉంచుకోండి. ఇంట్లో ఇన్వర్టరు ఉంటే 18 వాట్లు దానికి లెక్కలోకి రాదు.

కొమ్మ కోత

పెట్టెను వాడే ముందు ప్రతిసారీ లీటరు నీటికి 10 మిల్లీలీటర్ల బట్టల బ్లీచు ద్రావణం కలిపి అరగంట నడిపి, రెండుసార్లు మంచినీటితో జాడించండి. కొమ్మలను ఎండ ఎక్కకముందే కోయండి. తల్లిమొక్కకు ముందురోజు సాయంత్రం బాగా నీరు పెట్టండి. పూత, మొగ్గ లేని కొమ్మలనే ఎంచుకోండి. మందార, మల్లె, నందివర్ధనాలకు మరీ లేతదీ, మరీ ముదురుదీ కాకుండా, వంచితే వంగి చివరికి టప్‌మని విరిగే దశలో ఉన్న కొమ్మ కావాలి. దానిమ్మ, అంజూరలకు పెన్సిలంత లావున్న ముదురు కొమ్మ కావాలి. తులసి, పుదీనాలకు లేత చిగుళ్లే మేలు. పొడవు నాలుగు నుంచి ఆరు అంగుళాలు చాలు. స్పిరిటుతో తుడిచిన కొత్త బ్లేడుతో కణుపుకు సరిగ్గా కింద ఏటవాలుగా కోయండి, ఎందుకంటే వేళ్లు చాలా మొక్కలలో కణుపు చుట్టూనే త్వరగా పుడతాయి. కత్తెర కొమ్మను నలిపేస్తుంది, వాడవద్దు.

కింది ఆకులు తీసేసి పైన రెండు మూడు ఆకులు మిగల్చండి. అవి పెద్దవైతే సగానికి కోయండి. వేరు లేని కొమ్మ నీటిని పూర్తిగా పీల్చలేదు, ఆకులు మాత్రం ఆవిరి వదులుతూనే ఉంటాయి. ఆకులన్నీ దూసేస్తే ఆహారం తయారుకాక వేరు పుట్టడం ఆలస్యమవుతుంది. నందివర్ధనం, అంజూర వంటి పాలు కారే మొక్కల కొమ్మలను కోసిన తరువాత, పాలు ఆగేవరకు నీటిలో కడిగి వాడండి. గన్నేరు పాలు విషం కనుక దాని జోలికి వెళ్లేటప్పుడు చేతి తొడుగులు మరవవద్దు. కొమ్మ తలకిందులైతే ఎన్నాళ్లున్నా వేరు పట్టదు. ముదురు కొమ్మలలో పైదేదో కిందిదేదో తెలియకుండా పోతుంది కాబట్టి పైకొనను అడ్డంగా, కిందికొనను ఏటవాలుగా కోసే అలవాటు చేసుకోండి.

తులసి, పుదీనాలకు హార్మోను అక్కరలేదు. మందార, మల్లెలకు ఐబీఏ అనే వేళ్ల హార్మోను ఉపయోగపడుతుంది, దానిమ్మ, కాగితపు పూలకు అది తేడా చూపిస్తుంది. వేళ్ల హార్మోను పొడి నర్సరీ సామాను దొరికే చోట సిద్ధంగా ఉంటుంది. కొమ్మ అడుగును తడిపి, పొడిలో ముంచి, ఎక్కువైనది రాల్చండి. అయితే తుంపర పెట్టెలో పొడి కొంత కొట్టుకుపోతుంది కనుక ద్రావణం మెరుగు. 100 మిల్లీలీటర్లలో 200 మిల్లీగ్రాముల ఐబీఏ ఉంటే అది 2000 పీపీఎం, అంటే పది లక్షల వంతులలో 2000 వంతులు, అవుతుంది. ఐబీఏ వట్టి నీటిలో సరిగా కరగదు. ముందు 50 మిల్లీలీటర్ల ఆల్కహాలులో కరిగించి, తరువాత అంతే నీరు కలపండి. మందారకు 1000 నుంచి 2000 పీపీఎం, ముదురు దానిమ్మకు 2000 నుంచి 3000 పీపీఎం ద్రావణంలో కొమ్మ కింది అంగుళాన్ని అయిదు సెకన్లు ముంచి, రెండు నిమిషాలు ఆరనిచ్చి పెట్టెలో పెట్టండి. ఎక్కువసేపు ముంచితే ఎక్కువ వేళ్లు వస్తాయన్నది భ్రమ. మోతాదు మించితే కొమ్మ అడుగు మాడి నల్లబడుతుంది.

పెట్టెలో పెట్టిన తరువాత

వెలుతురు బాగా ఉండాలి, నేరుగా ఎండ తగలకూడదు. ఆకుపచ్చ షేడ్‌నెట్ కింద గాని, ఒక అడుగు ఎత్తున వేలాడదీసిన 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబులైటు కింద పద్నాలుగు గంటలు గాని ఉంచండి. పడమటి గాలి వీచే రోజులలో ఆకులు వాడిపోకుండా మొదటి నాలుగు రోజులు పలుచటి పాలిథీన్ కవరును గుడారంలా కప్పి, రోజుకు రెండుసార్లు ఆకుల మీద నీరు చల్లండి. వానాకాలంలో ఈ గుడారం వద్దు, బూజు పడుతుంది.

పుదీనా అయిదారు రోజులకే వేళ్లు చూపిస్తుంది. తులసికి వారం నుంచి పది రోజులు, మందారకు రెండు మూడు వారాలు, మల్లెకు మూడు నాలుగు వారాలు, దానిమ్మకు, కాగితపు పూలకు నెల నుంచి నెలన్నర పడుతుంది. ముందుగా కొమ్మ తోలు మీద తెల్లటి చిన్న గుల్లలు లేస్తాయి, కోసిన చోట ముద్దలాంటి కాలస్ కట్టవచ్చు. ఆ రెండూ వేళ్లు కావు. వాటిని చూసి కొమ్మను బయటికి తీసి నాటిన మల్లెలు నాకు నాలుగు పోయాయి. రోజూ బిళ్లలు ఎత్తి చూడటం కూడా తగ్గించుకోండి. ఈ మాట ఇతరులకు చెప్పడం నాకు తేలిక, పాటించడం ఇప్పటికీ కష్టంగానే ఉంది.

నీటిని వారానికి ఒకసారి పూర్తిగా మార్చండి. మంచి నీటికి వాసన ఉండదు. బురద వాసన వచ్చినా, కొమ్మ అడుగు జిగురుగా తగిలినా వారం ఆగకుండా ఆ రోజే మార్చి, లీటరుకు 2 మిల్లీలీటర్ల చొప్పున 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ కలపండి. మెత్తబడిన కొమ్మను బాగు చేయాలని చూడకుండా వెంటనే తీసేయండి, అది పక్కవాటిని చెడగొడుతుంది. పెరాక్సైడ్ వేసిన నీటిలో ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రాన్ని కలపడం వృథా, మొదటిది రెండవదాన్ని చంపుతుంది. ఆకులు పసుపుబారుతుంటే, వేళ్లు అర అంగుళం దాటి ఉంటే, అప్పుడు మాత్రం లీటరుకు అర గ్రాము 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉన్నది) కలపవచ్చు. ఆ ఎరువులోని నత్రజనిలో సగానికి పైగా యూరియా రూపంలో ఉంటుంది కాబట్టి మట్టి లేని నీటిలో దాని ఫలితం పరిమితం; వారం పది రోజులకు మాత్రం ఇబ్బంది లేదు.

మట్టిలోకి మార్చడం

నా లెక్కలో ఎక్కువ కొమ్మలు చచ్చేది పెట్టెలో కాదు, పెట్టె నుంచి బయటికి వచ్చిన మొదటి వారంలో. గాలిలో పుట్టిన వేళ్లు తెల్లగా, అందంగా ఉంటాయి కానీ పెళుసుగా ఉంటాయి. అవి ఎన్నడూ మట్టి ఒరిపిడి ఎరుగవు, ఆకులకు పొడిగాలి అలవాటు లేదు. వేళ్లు ఒకటి నుంచి రెండు అంగుళాలు ఉన్నప్పుడే మార్చండి. ఆరు అంగుళాలు పెరిగే వరకు మురిసిపోతూ కూర్చుంటే అవి ఒకదానితో ఒకటి చిక్కుపడి, విడదీసేటప్పుడు తెగుతాయి.

నాటే మిశ్రమంలో కొబ్బరి పొట్టు రెండు వంతులు, వర్మీ కంపోస్టు ఒక వంతు, నది ఇసుక ఒక వంతు ఉంచండి. తీరం దగ్గర దొరికే ఇసుక ఉప్పగా ఉంటుంది, దానిని ముట్టుకోవద్దు. కొబ్బరి పొట్టులో కూడా ఉప్పు ఉంటుంది కనుక, నానబెట్టి పిండిన నీటి టీడీఎస్ 300 లోపుకు దిగేవరకు కడగాలి. సంచిలో ముందు మిశ్రమం నింపి గుచ్చడం కాకుండా, కొమ్మను ఎడమచేత్తో పట్టుకుని వేళ్లు సహజంగా వేలాడుతుండగా చుట్టూ మిశ్రమాన్ని వదులుగా పోయండి. వేలితో అదమవద్దు, నీరు పోస్తే అదే సర్దుకుంటుంది. సాయంత్రమే నాటి, నాటిన వెంటనే పాలిథీన్ గుడారం కప్పి షేడ్‌నెట్ కింద ఉంచండి. నాలుగో రోజున గుడారానికి ఒక వైపు కొద్దిగా ఎత్తండి, ఏడో రోజుకు సగం తెరవండి, పదో రోజుకు తీసేయండి. ఏ రోజైనా ఆకులు వాడితే ఒక రోజు వెనక్కి వెళ్లండి.

గుడారం తీసిన వారానికి ఉదయపు ఎండ రెండు గంటలు చూపించడం మొదలుపెట్టండి. అప్పటివరకు ఆర్ఓ నీరే పోసి ఉంటారు కాబట్టి, మొక్క చివరికి మీ బోరు నీటితోనే బతకవలసి ఉంటే, మొదటి వారం నాలుగింట ఒక వంతు, రెండో వారం సగం, మూడో వారం ముప్పాతిక వంతు బోరు నీరు కలుపుతూ, నాలుగో వారానికి పూర్తిగా బోరు నీటికి మార్చండి. ఈ లోపల ఆకు అంచులు గోధుమరంగుకు తిరిగితే ఆ వారపు కలగలుపునే ఇంకో వారం కొనసాగించి, సంచిలో నుంచి నీరు కిందికి బాగా కారేలా ఒకసారి నిండుగా పోయండి.